అడ్డంగా చిరిగినది

మాస్టారు నీళ్ళతొట్టి మీదికి వంగి, పంపు మరను ఇంకో పావుచుట్టు తిప్పి, పెదవులు కదలకుండా ముప్పైదాకా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ముప్పై అయ్యేదాకా చెయ్యి కదపరు. పక్కన పిడుగు పడ్డా కదపరు. ఒత్తిడి చూపే గేజి ముల్లు ఐదు దగ్గర నిలబడి ఉంది. తొట్టిలో ఒంటివేడి నీళ్ళ అడుగున బెలూను గాజులా మెరుస్తూ, కోడిగుడ్డు కంటే కాస్త సన్నగా, కాస్త పొడుగ్గా ఉబ్బి ఉంది.

ఇరవై ఆరు. ఇరవై ఏడు.

టప్‌మని చిన్న చప్పుడైంది. నీళ్ళు ఉలిక్కిపడి సర్దుకున్నాయి.

"అయ్యో," అన్నారు మాస్టారు, ఎదురుగా ఎవరో జారిపడ్డట్టు.

గదికి ఆ చివర కొలతలు రాసుకుంటున్న అక్క తలెత్తలేదు. ఆ గదిలో రోజుకి ముప్పై బెలూన్లు పగులుతాయి. పగలగొట్టడమే వాళ్ళ ఉద్యోగం. తొడలోని రక్తనాళం గుండా సన్నటి గొట్టం చివర ముడుచుకుని గుండెదాకా వెళ్ళి, అక్కడ ఉబ్బి, బిగుసుకుపోయిన పాత కవాటాన్ని పక్కకు నెట్టి, తన ఒంటికి చుట్టుకుని తెచ్చిన కొత్త కవాటాన్ని దాని చోట విప్పి నిలబెట్టి, మళ్ళీ ముడుచుకుని వచ్చినదారినే బయటికి రావలసిన బెలూన్లు అవి. ఒత్తిడి పెంచుకుంటూ పోతే ఏదైనా ఎక్కడో ఒకచోట పగలక తప్పదు. ఎంత దగ్గర పగిలింది, ఎలా పగిలింది అన్నదే వీళ్ళు రాసుకునేది. ఆరు దాటాక పగలాలి. పొడుగునా చిరగాలి. పొడుగునా చిరిగితే మడిచిన గొడుగులా సాఫీగా బయటికొస్తుంది. అడ్డంగా చిరిగితే గాలికి తిరగబడ్డ గొడుగే. లాగినకొద్దీ దారిలో అడ్డం పడుతుంది.

"అమ్మా, ఒకసారి ఇలా వస్తారా?"

ల్యాబులో వయసుతో పనిలేకుండా అందరికీ ఆమె అక్కే. ఆమెకంటే పన్నెండేళ్ళు పెద్దయిన మాస్టారొక్కరే "అమ్మా" అని, "మీరు" అని పిలుస్తారు. బళ్ళో సైన్సు చెప్పీ చెప్పీ, బడి మూతపడ్డాక ఈ పనిలో చేరిన మనిషి. ఆయనకి పంపు పట్టుకోవడం నేర్పింది అక్కే.

అక్క వచ్చి చూసింది. మాస్టారు బెలూన్ని పట్టకారుతో తీసి తెల్ల పళ్ళెంలో పరిచారు. భూతద్దం అవసరం లేకపోయింది. నడుం చుట్టూ దారం కట్టి కోసినట్టు, చివరి సగం మొదటి సగం నుంచి దాదాపు విడిపోయి వేలాడుతోంది.

అక్క పళ్ళేన్ని తనవైపు తిప్పుకుంది.

"క్లాంపు సరిగ్గా బిగించారా మాస్టారూ?"

"మీరు చెప్పినట్టే బిగించి, రెండుసార్లు లాగి చూశానమ్మా."

"క్లాంపు అంచు మెడకి ఏమైనా తగిలిందేమో."

"తగిలితే మెడ దగ్గరే గీత ఉండాలి కదా? ఇది నడుం దగ్గర." ఆయన భూతద్దం తీసి ఆమె చేతికిచ్చారు. "చూడండి. మెడ శుభ్రంగా ఉంది."

అక్క భూతద్దంలోంచి చూసింది. మెడ శుభ్రంగానే ఉంది. చూడవలసినదానికంటే ఎక్కువసేపు చూస్తూ ఉండిపోయింది. మాస్టారు ఆలోగా కళ్ళద్దాలు సవరించుకుని, తన గుండ్రటి బడిరాతలో రాసేశారు: పదకొండో శాంపిల్, ఐదు దగ్గర, ఇరవై ఏడో సెకనులో, అడ్డంగా.

*

మేనేజరుగారి గదిలో ఏసీ ఎప్పుడూ ఎక్కువ చల్లగానే ఉంటుంది. ఆయన చెడ్డవాడు కాదు. పనివాళ్ళ ఇళ్ళలో జ్వరాలు కూడా గుర్తుపెట్టుకుని పలకరిస్తాడు. కాని గురువారం లారీ వస్తుందంటే మంగళవారం నుంచే ఆయన మెడనరం బిగుసుకుంటుంది.

పళ్ళెంలోని బెలూన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఐదుకే పగిలిందంటే లోపం బెలూనుది కాదు," అన్నాడు. "మొదటి పది ఎనిమిది దాకా వెళ్ళాయి. ఇదొక్కటి ఐదుకి పగలడమేమిటి? క్లాంపు జారి ఉంటుంది."

"జారలేదండీ," అన్నారు మాస్టారు.

"మీకు తెలియకుండా జారిందేమో మాస్టారూ. తప్పని అనట్లేదు. అందరికీ జరిగేదే." మేనేజరుగారు లేచి, అరలోంచి పోయిన నెల రిజిస్టరు తీశాడు. ఆయన పేజీలు తిప్పి, వేలుపెట్టి చూపించాడు. "ఇదిగో. పోయిన నెల బ్యాచ్, పదిహేడో శాంపిల్. 'క్లాంపు జారి శాంపిల్ పాడైనది. బదులు శాంపిల్ వాడడమైనది.' ఇంత అనుభవమున్న మన అక్కకే జారింది. ఆ క్లాంపుతోనే ఏదో తంటా ఉంది."

పేజీలోంచి తన రాతే తనని చూస్తున్నట్టనిపించింది అక్కకి. అక్షరాలు తొందరలో ఒకదానిమీద ఒకటి పడుతూ ఉన్నాయి.

ఆ సాయంకాలం ఆమెకి బాగా గుర్తుంది. బస్సు హారన్ కొడుతోంది. పదిహేడోది ఏడు దాటాకే పగిలింది, ఒత్తిడి సరిపోయింది. తీసి చూస్తే చిరుగు అడ్డంగా ఉంది. ఒక్క క్షణం అలాగే నిలబడింది. పదహారు బాగున్నాయి, ఇదొక్కటే ఇలా చిరగడమేమిటి, చెయ్యే ఎక్కడో అటూ ఇటూ అయుంటుంది అనుకుంది. అనుకోవడమేమిటి, అలా అనుకోవాలని అనుకుంది. బెలూన్ని చెత్త వేసే ఎర్ర డబ్బాలో వేసి, కొత్త కవరు చింపి ఇంకోటి బిగించింది. అది పొడుగునా చక్కగా చిరిగింది. రిజిస్టర్లో ఆ రెండు వాక్యాలు రాసేటప్పుడు అబద్ధం రాస్తున్నానని కూడా అనిపించలేదు. జారిందేమో అనిపించింది. బస్సెక్కేసరికి జారిందనే అనిపించింది.

"మీరు చెప్పండి," అన్నాడు మేనేజరుగారు ఆమెవైపు తిరిగి. "ఆ క్లాంపు జారే అవకాశం ఉందా, లేదా?"

మాస్టారు కూడా ఆమెవైపు చూశారు. ఆ చూపులో బతిమాలడం లేదు. లెక్క సరిగ్గా చేసి, పలక మీదున్న జవాబు చదవమని ఎదురుచూస్తున్నట్టుంది.

అవకాశం లేదని అంటే, పోయిన నెల ఏం జరిగిందని రెండో ప్రశ్న వస్తుంది.

"ఉంది సార్," అంది.

"అంతే కదా." మేనేజరుగారి భుజాలు కిందికి దిగాయి. కాగితం ముందుకు జరిపాడు. శాంపిల్ బిగించడంలో పొరపాటు వల్ల ఫలితం చెల్లదని అందులో రాసి ఉంది. కింద మూడు గళ్ళు. సీనియర్ టెస్టర్ అన్న గడిలో అక్క సంతకం పెట్టింది. తన పేరు రాయడానికి ఎప్పుడూ పట్టేదానికంటే ఎక్కువసేపు పట్టింది. మేనేజరుగారు తన గడిలో పెట్టాడు. పరీక్షించినవారు అన్న గడి ముందు మాస్టారు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశారు.

"నేను పెట్టలేనండీ. జారలేదు."

"సరే, పట్టుబట్టను. రూల్ ప్రకారం మళ్ళీ ట్రైనింగ్ అయ్యేదాకా మీరు పంపు ముట్టుకోకూడదు. అంతవరకు ప్యాకింగులో ఉండండి. బాధపడకండి."

"బాధేముందండీ," అన్నారాయన. గది బయటికొచ్చాక నడవాలో ఆయన ఏమైనా అంటారని అక్క రెండడుగులు వెనక నడిచింది. ఆయన తలుపు దగ్గర ఆగి, ఆమె ముందు వెళ్ళడానికి తలుపు పట్టుకున్నారు. అది తిట్టినదానికంటే ఎక్కువైంది.

*

మర్నాడు పదకొండో శాంపిల్‌కి బదులు శాంపిల్ని అక్కే పరీక్షించింది. వేలు ముంచి నీళ్ళ వేడి చూసింది. క్లాంపు బిగించి రెండుసార్లు లాగింది. ఇరవై ఏళ్ళ చేతి అలవాటు దానంతటదే నడిచింది. నాలుగు, ఐదు, ఆరు. ప్రతి మెట్టు దగ్గరా ముప్పై లెక్కపెడుతూ, అడ్డంగా చిరిగితే బాగుండునని ఒకసారి, చిరక్కపోతే బాగుండునని ఒకసారి అనుకుంది. ఎనిమిదిన్నర దగ్గర పగిలింది. పొడుగునా.

మేనేజరుగారు గాజు తలుపు అవతలినుంచి బొటనవేలెత్తి చూపించి వెళ్ళిపోయాడు.

మాస్టారి స్టూలు బల్ల కింద ఉంది. దానిమీద ఆయన వేసుకునే పలచటి మెత్త, మెత్తకి ఒక మూల కుట్టు ఊడి ఉంది. అక్క దాన్ని చూడకుండా మిగిలిన పంతొమ్మిదీ పూర్తిచేసింది. అన్నీ మంచివే. మంచి ఫలితం వచ్చిన ప్రతిసారీ ఒంట్లో చీమ పాకినట్టయింది.

భోజనాల గదిలో ప్యాకింగువాళ్ళది పొడుగు బల్ల. ఆ చివర మాస్టారు కూర్చుని, డబ్బా మూత మీద చెంచా చక్కగా పెట్టుకుని తింటున్నారు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆయన్ని ఆటపట్టిస్తున్నారు.

"మాస్టారూ, మా బల్లకి ఇన్‌స్పెక్షనుకి వచ్చారా, పనిచెయ్యడానికి వచ్చారా?"

"నేర్చుకోవడానికి వచ్చానమ్మా. లేబుల్ వంకరపోకుండా అతకడం ఎంత కష్టమో నాకింతవరకు తెలీదు. పొద్దున్నుంచి నాలుగు పెట్టెలు పాడుచేశాను."

"ఫస్ట్ ర్యాంకు మీకు రాదులెండి!"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. అక్క అటు వెళ్ళకుండా కిటికీ దగ్గర కూర్చుంది. ప్యాకింగులో అందరికంటే గడుసుది, అందరూ మైకు అని పిలిచే ఆవిడ, డబ్బా పట్టుకుని వచ్చి ఎదురుగా చేరింది.

"అక్కా, ఆయనకి చెయ్యి వణుకుతోందట కదా? అందుకే తీసేశారట?"

"ఎవరన్నారు?"

"అందరూ అనుకుంటున్నారు. వయసైపోయింది కదా పాపం. గుండెలోకి వెళ్ళే సరుకాయె. నువ్వు కనిపెట్టావు కాబట్టి సరిపోయింది."

మాస్టారి చెయ్యి వణకదు. ముప్పై లెక్కపెట్టేటప్పుడు ఆయన చేతిమీద నీళ్ళ గ్లాసు పెట్టినా తొణకదు. ఆ మాట అనడానికి అక్క నోరు తెరిచింది. అంటే, మరెందుకు తీసేశారని ఈవిడ అడుగుతుంది.

"నాకు తెలీదు," అని, డబ్బా మూతపెట్టేసింది. సగం అలాగే మిగిలిపోయింది.

సాయంకాలం ఇంటికొచ్చేసరికి ముందుగదిలో అమ్మ, పక్కింటావిడ కూర్చుని ఉన్నారు. అమ్మ గొంతు మెట్లమీదికే వినిపించింది.

"మా పిల్ల చూసి ఊ అంటేనే అది మనిషి గుండెలోకెళ్ళేది. డాక్టర్లదేముందమ్మా, చేతికిచ్చింది వాడతారు. అది మంచిదో చెడ్డదో చెప్పేది మా పిల్ల. చిన్నప్పుడు కూడా అంతే, చింతగింజంత అబద్ధమాడేది కాదు. ఎవరూ చూడకుండా కుండ పగలగొట్టినా, అమ్మా నేనే పగలగొట్టానని వచ్చి చెప్పేది. కొడదామన్నా చెయ్యి వచ్చేది కాదు."

"ఊరుకో అమ్మా," అంది అక్క చెప్పులు విప్పుతూ.

"ఎందుకూరుకోవాలి? ఉన్నమాటేగా!"

పక్కింటావిడ గౌరవంగా లేచి నిలబడింది. ఆమె అలా లేవడంతో అక్కకి తల కొట్టేసినట్టయింది. కాళ్ళు కడుక్కోవాలని చెప్పి లోపలికెళ్ళి, కుళాయి విప్పి, నీళ్ళు పోతూ ఉంటే చూస్తూ నిలబడింది. స్కూలు వ్యాను నడిపి అప్పుడే వచ్చిన భర్త వెనకనుంచి కుళాయి కట్టేశాడు.

"ఏమైంది?"

"ఏం లేదు."

"ఏం లేనప్పుడు నువ్వు నీళ్ళు ఇలా పారబొయ్యవే." తువ్వాలు అందుకుని, "ఎవరైనా ఏమన్నా అన్నారా?" అన్నాడు.

"అనలేదు. అంటే బాగుండేది."

అతను తువ్వాలు ఆమె భుజమ్మీద వేసి, ఇంకేమీ అడగకుండా వెళ్ళాడు. అడిగితే చెప్పేసేదేమో. అడగనందుకు అతనిమీద కోపమొచ్చింది. ఆ కోపం వచ్చినందుకు మళ్ళీ సిగ్గేసింది.

*

గురువారం పొద్దున్న బస్సులో అక్క మాటలు కూర్చుకుంది. మాస్టారూ, నేను మీకు అన్యాయం చేశాను. కాదు, అన్యాయం పెద్దమాట, సినిమా మాటలా ఉంటుంది. మాస్టారూ, మీతో ఒక విషయం చెప్పాలి. అలా మొదలుపెట్టొచ్చు. ఆయన తిడితే తలొంచుకుని పడాలి. పర్వాలేదమ్మా అంటే, పర్వాలేదనకండి అనాలి. దిగేలోపు రెండింటికీ జవాబులు సిద్ధమయ్యాయి.

కాని పొద్దున ఆయన బల్ల చుట్టూ జనం. పదకొండింటికి వెళ్తే టీ తాగడానికి వెళ్ళారన్నారు. మధ్యాహ్నం రెండు దాటాక మళ్ళీ వెళ్ళింది. ప్యాకింగు హాలు చివర పెద్ద తలుపు తెరిచి ఉంది. లారీ వెనక్కి వచ్చి అరుగుకి ఆనుకుని నిలబడింది. కొత్త బ్యాచ్ పెట్టెలు చక్రాలబండి మీద అటువైపు కదులుతున్నాయి.

"మాస్టారూ, ఒక్క నిమిషం."

ఆయన లేచి వచ్చారు. ఇద్దరూ మంచినీళ్ళ యంత్రం పక్కన నిలబడ్డారు. ఆయన బొటనవేలికి లేబుల్ వెనక కాగితం ముక్క అంటుకుని ఉంది. దాన్ని విదిలించినా ఊడట్లేదు.

కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"క్లాంపు జారలేదు," అంది అక్క. "మీది కాదు, నాది. పోయిన నెల నాది. అడ్డంగానే చిరిగింది. నా కళ్ళతో చూశాను. చూసి, జారిందని రాశాను. అందుకే మొన్న ఆయన అడిగినప్పుడు..."

మాస్టారు వింటున్నారు. ఆ కాగితం ముక్కని రెండోచేత్తో మెల్లగా పీకి, ఉండచుట్టి జేబులో వేసుకున్నారు. అక్క ఎదురుచూసింది. తిట్టుకైనా సరే, పర్వాలేదుకైనా సరే.

"పోయిన నెల బ్యాచ్ ఎక్కడుందమ్మా?"

"అంటే?"

"గోడౌన్లో ఉందా, వెళ్ళిపోయిందా?"

"వెళ్ళిపోయింది. మూడువారాలైంది."

ఆయన కళ్ళద్దాలు తీసేశారు. అద్దాలు లేని ఆయన ముఖాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. ముక్కుకి రెండుపక్కలా ఎర్రగా నొక్కులు పడి ఉన్నాయి.

"మూడువారాలు," అన్నారు.

"మాస్టారూ, మీకు నేను చేసింది..."

"నా సంగతి తర్వాతమ్మా. నేనెక్కడికి పోతాను? రేపూ ఈ బల్ల దగ్గరే ఉంటాను. తీరిగ్గా మాట్లాడుకుందాం, తిట్టవలసిందేమైనా ఉంటే అప్పుడు తిడతాను. ఈ లారీ మూడింటికి కదులుతుంది. పోయిన నెల పెట్టెలు ఎవరికి వాడుతున్నారో, ఆ మనుషులు ఇవాళ కూడా ఆపరేషన్ బల్లమీద పడుకునే ఉంటారు." ఆయన గొంతు పెంచలేదు. "మీరు ఇక్కడ నిలబడి నాతో మాట్లాడుతున్నారేమిటి?"



రెండు రోజులుగా అక్క ఈ సంగతిని అన్నివైపుల నుంచీ తిప్పి తిప్పి చూసింది. మాస్టారు పట్టుకున్న తలుపు, ఖాళీ స్టూలు, రిజిస్టర్లో తన రాత, అమ్మ మాటలు, పక్కింటావిడ లేచి నిలబడడం. తొడలోంచి గొట్టం ఎక్కించుకుని, పైన దీపాన్ని చూస్తూ వెల్లకిలా పడుకున్న మనిషి మాత్రం ఒక్కసారి కూడా కళ్ళముందుకు రాలేదు. ఇంత సిగ్గుపడింది, ఆ సిగ్గంతా తన గురించే.

ఆమె పరుగెత్తలేదు. ఆ హాల్లో పరుగెత్తకూడదు. కాని ప్యాకింగువాళ్ళు తలలు తిప్పి చూసేంత వేగంగా నడిచింది. వెనక మాస్టారు చక్రాలబండి తోసేవాళ్ళతో, "కాస్త ఆగండి బాబూ, ఇంకా ఎక్కించకండి," అనడం వినిపించింది.

మేనేజరుగారు ఫోన్లో ఉన్నాడు. ఆమె తలుపు కొట్టకుండా లోపలికి రావడం చూసి, ఫోను పక్కన పెట్టాడు. ఆమె నిలబడే చెప్పింది. ఈసారి తడబడలేదు, ఆపలేదు. పదిహేడో శాంపిల్, ఏడు దాటాక, అడ్డంగా. ఎర్ర డబ్బాలో వేశాను. క్లాంపు జారలేదు. మాస్టారిదీ జారలేదు.

ఆయన ముఖం మొదట ఎర్రబడి, తర్వాత పాలిపోయింది.

"ఇప్పుడా చెప్పేది? మొన్న ఈ గదిలోనే, ఇక్కడే అడిగాను కదా మిమ్మల్ని!"

"అడిగారు సార్."

"ఉందన్నారు."

"అన్నాను."

"మీ మాట మీద సంతకం పెట్టాను నేను." అని, వెంటనే ఆగిపోయాడు. తన మాట తనకే వినపడ్డట్టు బల్లమీదున్న కాగితాలవైపు చూశాడు. "కాదు. నాకు కావలసింది మీతో అనిపించి పెట్టాను." కుర్చీలో కూలబడి, కణతలు నొక్కుకుని, ఫోను అందుకున్నాడు. మొదట లారీ ఆపమన్నాడు. రెండో ఫోను పైవాళ్ళకి. అది చేసేముందు ఒక తెల్లకాగితం ఆమె ముందుకు తోశాడు. "అంతా రాయండి. తేదీ వేసి. పక్కగదిలో కూర్చుని రాయండి, నేను చూస్తుంటే రాయలేరు."

*

శుక్రవారం ఆపేసిన బ్యాచ్‌లోంచి ఇంకో నలభై బెలూన్లు తీశారు. పంపు ముందు మాస్టారిని కూర్చోబెట్టారు. అక్క పంపు ముట్టుకోకూడదు. అందులో ఎవరికీ సందేహం లేదు, ఆమెకి అంతకంటే లేదు. గాజు తలుపు అవతల నిలబడి, ఆయన పెదవులు కదలకుండా లెక్కపెట్టడం చూసింది. నలభైలో మూడు అడ్డంగా చిరిగాయి. మధ్యాహ్నానికి అచ్చులు విప్పి చూశారు. బెలూన్లు పోసే అచ్చుల్లో ఒకదాని లోపల, నడుం చుట్టూ, వెంట్రుక మందాన గీత ఉంది. వేలితో తడిమితే తెలియదు. గోరుతో గీస్తే తగులుతుంది.

పోయిన నెల బ్యాచ్‌లో నూట నలభై పెట్టెలు తొమ్మిది ఆసుపత్రులకి వెళ్ళాయి. ప్రతి పెట్టె నంబరూ కనుక్కుని, వాడనివి వెనక్కి పంపమని చెప్పి, వాడినవాటి గురించి ఏమైందో అడిగి రాయాలి. ఉత్తరాలు వెళ్ళాయి. కాని ఉత్తరం ఎవరి బల్లమీద పడుతుందో, ఎప్పుడు విప్పుతారో తెలీదు. ఫోను చెయ్యాలి.

"నేను చేస్తాను," అంది అక్క.

మేనేజరుగారు తలెత్తి చూశాడు. "తిడతారు."

"తిట్టనివ్వండి సార్."

ఒక చిన్న గది, ఒక ఫోను, నంబర్ల పట్టిక. ఒకచోట స్టోరు గుమస్తా అరగంట ఆగమన్నాడు. ఒకచోట ఒక డాక్టరు, మీ కంపెనీలో మనుషులు పనిచేస్తారా గొడ్లు పనిచేస్తాయా అని కడిగిపారేశాడు. ఆమె విని, "అవునండీ, ఆ పెట్టెల నంబర్లు ఒకసారి చదువుతారా?" అంది. పట్టికలో ఒక్కో నంబరు పక్కనా గుర్తు పడుతోంది. వెనక్కి. వెనక్కి. వాడారు, ఏ ఇబ్బందీ రాలేదు. వెనక్కి. వాడారన్న ప్రతిసారీ ఆమె పెన్ను గాల్లో ఆగేది. తర్వాతి మాట వచ్చాకే కాగితం మీదికి దిగేది.

సాయంకాలం మాస్టారు ఒక గ్లాసు టీ తెచ్చి బల్లమీద పెట్టారు. పట్టిక చూశారు. "ఇంకెన్ని?"

"ఎనిమిది పెట్టెలు. ఒక్క ఆసుపత్రి. రేపు పొద్దున చెయ్యమన్నారు."

ఆయన తలాడించి వెళ్ళబోయారు.

"మాస్టారూ. తిడతానన్నారు."

"అన్నాను." ఆయన తలుపు దగ్గర ఆలోచించారు. "ఇంకా కోపంగానే ఉందమ్మా. లేదని చెప్పను. అది నెమ్మదిగా పోతుందో, ఉంటుందో చూద్దాం. టీ చల్లారిపోతుంది, తాగండి."

శనివారం పొద్దున చివరి ఆసుపత్రి. నాలుగు చేతులు మారి, ఒక అమ్మాయి ఫోను తీసుకుంది. గొంతు చిన్నదే కాని పనితనం తెలిసిన గొంతు. ఎనిమిది నంబర్లు గబగబా చదివింది. ఏడు అరలోనే ఉన్నాయి. ఎనిమిదోది చదివాక ఆగింది.

"ఇది వాడేశాం," అంది. "పద్నాలుగు రోజులైంది. ఎందుకండీ?"

"ఆ రోజు ఏమైనా ఇబ్బంది వచ్చిందామ్మా?"

అవతల దూరంగా ఎవరో ఎవర్నో పిలవడం, చక్రాల మంచం దొర్లుతున్న చప్పుడు వినిపించాయి.

"బెలూను పగిలింది. కవాటం సరిగ్గానే కూర్చుంది కాని, బెలూను వెనక్కి రాలేదు. తొడ దగ్గర కోసి తియ్యాల్సొచ్చింది. పెద్దావిడ, డెబ్బై దాటాయి. రక్తం చాలా పోయింది."

అక్క బల్ల అంచు పట్టుకుంది. "ఆవిడ..."

"ఉన్నారు. నిన్న లేచి కూర్చున్నారు. కాఫీ చల్లగా ఉందని నన్ను కేకలేశారు కూడా." ఆ అమ్మాయి నవ్వబోయి మానేసినట్టు వినిపించింది. "మేము మీకు కంప్లెయింట్ ఇవ్వలేదు. అది బెలూను తప్పు కాదని తేల్చారు. పంపు తిప్పింది నేను. ఎక్కువ తిప్పానని అన్నారు. తిప్పలేదనే నాకు గుర్తు. ముల్లు చూస్తూనే ఉన్నాను. కాని అంతమంది అంటుంటే నాకే అనుమానమొచ్చింది. చెయ్యి అదిరిందేమోనని. ఆ రోజు నుంచి నన్ను ఆ గదిలోకి రానివ్వట్లేదు. స్టోర్లో గుడ్డలు మడతపెడుతున్నాను. అందుకే ఫోను నాకిచ్చారు."

అక్క పెన్ను పట్టిక మీద పెట్టేసింది.

"హలో? ఉన్నారా? ఎందుకు అడుగుతున్నారో చెప్పలేదు మీరు."

"నువ్వు ఎక్కువ తిప్పలేదమ్మా," అంది అక్క. "నీ చెయ్యి అదరలేదు. ఆ బెలూన్లలో కొన్ని నడుం దగ్గర బలహీనంగా వచ్చాయి. అచ్చులో లోపం. మీకు పంపకముందే ఇక్కడ ఒకటి అలాగే అడ్డంగా చిరిగింది."

"ముందే తెలుసా? మరి ఎందుకు పంపారు?"

"చూసినవాళ్ళు రాయలేదు." అక్క కళ్ళు మూసుకుని తెరిచింది. "చూసింది నేను. చూసి, ఇంకోటి రాశాను."

అమ్మాయి ఏడుస్తోందో, కోపంతో ఊపిరి బిగబట్టిందో తెలియలేదు. అక్క ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, ఏది వచ్చినా విందామని కూర్చుంది.

కాగితం చింపిన చప్పుడు వినిపించింది.

"ఇది నేను మా డాక్టరుగారికి చూపించాలి," అంది ఆ అమ్మాయి. గొంతు గట్టిపడింది. "మీరిప్పుడు చెప్పింది మళ్ళీ చెప్పండి, రాసుకుంటాను. ముందు మీ పేరు చెప్పండి."

అక్క తన పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా.

"సరిగ్గా వినపడలేదు. మెల్లగా చెప్పండి."

అక్క కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒక్కో అక్షరం విడదీసి, మెల్లగా మళ్ళీ చెప్పింది.